అతిథి రేవు, పదకొండో చోటు

1వ రోజు

గట్టుపేట అతిథి రేవుకు ఉదయం తొమ్మిదింటికి చేరాం. ఇచ్చిన చోటు పదకొండో నంబరు. గాలి దక్షిణం నుంచి. పడవ నీటిలో దిగిన కొలత రెండడుగులకు అంగుళం తక్కువ. రేవు వారు ఇచ్చే పుస్తకంలో ఈ మూడు ముక్కలే రాయాలి, రాశాను. ఈ పుస్తకం నాది. మిగతావి ఇందులో రాస్తాను.

గేటు పక్కన ఆరడుగుల బోర్డు మీద తొమ్మిది సౌకర్యాల పేర్లు రంగుల్లో రాశారు. మంచినీటి కుళాయి ఉంది; తిప్పితే సముద్రం వస్తుంది. స్నానాల గదులకు తాళం ఉంది; తాళంచెవి ఉన్న మనిషి సెలవులో ఉన్నాడు. పోయినేడాది వచ్చినప్పుడు కూడా ఆయన సెలవులోనే ఉన్నాడు. విద్యుత్ సౌకర్యం కింద ఒక్కో చోటుకూ ఒక లావుపాటి తీగ వేలాడుతుంది. కొత్తవాళ్ళు దాన్ని చూసి ముచ్చటపడతారు. ఆ తీగలోంచి కరెంటు పడవలోకి రాదు. పడవ బ్యాటరీలోంచి రేవులోకి పోతుంది. మా కప్పు మీది సోలారు పలకలు పగలంతా ఎండలో కూడబెట్టిన యూనిట్లను పొద్దున ఆరింటికి అద్దె కింద లాగేసుకుంటారు. లాగినందుకు తీగ అరుగుదల ఛార్జీ వేరే.

అద్దె పడవ పొడవును బట్టి కాదు, నీటిలో ఎంత దిగితే అంత. గోడకు నీటి కింద రెండడుగుల లోతున ఎర్ర గీత ఉంది. గీత లోపల ఉంటే సగం అద్దె, దాటితే పూర్తి. బరువైన పడవలు అడుగున బురదను కదిలిస్తాయట. లోపలి రేవులో గట్టుపేట వాళ్ళ సొంత ఓడలు ఎనిమిదడుగులు దిగి ఉంటాయి. అక్కడ బురదకు మర్యాద తెలుసు కాబోలు.

అయినా ఇక్కడికి రాక తప్పదు. నా మనవరాలు హైమకు ఇరవై ఆరేళ్ళు. తల్లీ తండ్రీ ముంపు ఏడాదిలోనే పోయారు. పద్నాలుగో ఏట నుంచి మునిగిన ఊళ్ళలో దిగి, ఇళ్ళ గోడల్లోని రాగి తీగలు లాగి, నన్నూ పోషించింది. ఆ పన్నెండేళ్ళూ తాగిన ఉప్పునీళ్ళే దాని మూత్రపిండాలను తినేశాయని డాక్టరన్నాడు. నేనూ అవే నీళ్ళు తాగాను. డెబ్బై మూడేళ్ళ నాకు ఏమీ కాలేదు. దీని మీద ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలో బోర్డు మీద లేదు.

మూడు రోజులకోసారి హైమ రక్తం శుభ్రం చేయించాలి. ఆ యంత్రాలు గట్టుపేట ఆస్పత్రిలోనే ఉన్నాయి. గేటు దాటాలంటే ఆ రోజు అద్దె చెల్లిన చీటీ చూపాలి. చీటీ ఒక్కరోజు తప్పితే యంత్రం దగ్గర మన వంతు ఇంకొకరికి పోతుంది. మళ్ళీ రావడానికి మూడు వారాలు. హైమ పది రోజులు కూడా ఆగే స్థితిలో లేదు.

ఇవాళ మొదటి వంతు అయింది. తిరిగొచ్చి, వంట చెయ్యబోతే, "ఉప్పు తక్కువెయ్, అమ్మమ్మా. నీ నోట్లోది చాలు" అంది. బాగానే ఉందన్నమాట.

3వ రోజు

కొలత గుమాస్తా శేషుబాబు ఉదయం కర్ర పట్టుకొని వచ్చాడు. ముప్ఫై ఏళ్ళవాడు, నెమ్మది మనిషి. వంగి కొలిచేటప్పుడు "ఏమనుకోకండి టీచరమ్మగారూ" అంటాడు. రోజూ అంటాడు. ఏమనుకోకుండా ఉండటం నాకు రోజూ కుదరదు.

నేను ముంపుకు ముందు కాలేజీలో ఫిజిక్సు చెప్పాను. అందుకే ఇక్కడ ఉన్న ఏడు పడవల వాళ్ళకూ టీచరమ్మనే. రెండేళ్ళ క్రితం వాళ్ళు నా దగ్గరకొచ్చి గీత లోపల ఉండే దారి చెప్పమన్నారు. పడవ నిలకడగా ఉండటానికి అడుగున పేర్చే రాళ్ళుంటాయి, అడుగురాళ్ళు అంటాం. వాటిలో కొన్ని తీసేస్తే పడవ పైకి తేలుతుంది. ఎంత పొడవు పడవలో ఎన్ని తీయవచ్చో పట్టిక వేసి ఇచ్చాను. సగానికి మించి తీయొద్దని కింద గీత కొట్టి మరీ రాశాను.

అప్పటినుంచి అదే ఆచారమైంది. గట్టుపేటకు వచ్చే ముందు అందరం నాలుగు గంటల దూరంలోని మొండితిప్ప మీద సగం రాళ్ళు దించుతాం. ఒక్కో రాతి మీదా ఇంటిపేరు రంగుతో రాసి ఉంటుంది. తిరిగి వెళ్ళేటప్పుడు ఎవరి రాళ్ళు వాళ్ళు ఎక్కించుకుంటారు. ఇంతవరకు ఒక్క రాయీ దొంగతనం కాలేదు. ఎవరి దగ్గరా దొంగిలించడానికి ఇంకేమీ లేదనుకుంటా.

మా పక్క చోటు బొడ్డు నూకరాజుది. భార్య మంగాయమ్మ, ఇద్దరు పిల్లలు. కుళాయి నీళ్ళకు పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయని వాననీళ్ళ కోసం పడవ కప్పు మీద నాలుగు డ్రమ్ములు కట్టాడు. అడుగున బరువు తీసి, నెత్తిన బరువు పెట్టుకున్నావు, దించమన్నాను.

"దించితే ఎక్కడెట్టనండి? కింద మేం నలుగురం కాళ్ళు ముడుచుకుని పడుకుంటున్నాం" అన్నాడు.

నిజమే. జవాబు లేనప్పుడు కోప్పడటం నాకు అలవాటు, కోప్పడ్డాను.

6వ రోజు

మబ్బు. పలకలు రోజుకు కావలసిన దాంట్లో సగం కూడా తీయడం లేదు.

మధ్యాహ్నం ఇద్దరు కూలీలు పడవలో వచ్చి గోడ మీద ఎర్ర గీతను చెరిపి, రెండు అంగుళాలు పైకి కొత్త గీత గీశారు. పక్కనే నోటీసు అంటించారు: వర్షాకాలపు సర్దుబాటు. గీసినందుకు రంగు ఖర్చు పడవకు రెండు యూనిట్లు.

ఇప్పుడు ఏడు పడవల్లో ఒక్కటీ గీత లోపల లేదు. పూర్తి అద్దె కట్టాలంటే నా బ్యాటరీ తొమ్మిది రోజులకు ఖాళీ అవుతుంది.

శేషుబాబును అడిగాను. పైవాళ్ళు వేయించారని చెప్పి, కర్ర చివర వైపు చూస్తూ నిలబడ్డాడు. పైవాళ్ళు ఎప్పుడైనా కిందికి దిగితే ఎంత దిగారో కొలవమన్నాను. నవ్వాడు గానీ, గట్టిగా కాదు.

9వ రోజు

పన్నెండున్నరకు గుమాస్తాలు భోజనానికి వెళ్తారు. ఆ గంటలో అన్ని పడవల నుంచీ బుడుంగు బుడుంగుమని చప్పుడు. మిగిలిన అడుగురాళ్ళను తాళ్ళతో నీటిలోకి దించేస్తున్నారు. నేనూ ఎనిమిది దించాను. హైమ పట్టబోతే వద్దని కసిరాను. దాని ఎడమ చేతిలో సూదులు గుచ్చే నరం ఉంది, దానితో బరువెత్తకూడదు.

నా పట్టిక ప్రకారం ఇది తప్పు. ఎంత తప్పో అంకెతో సహా చెప్పగలను. చదువు వల్ల వచ్చిన లాభం ఇంతే, తప్పును సరిగ్గా కొలుచుకోవడం.

రెండింటికి శేషుబాబు కొలిచాడు. అందరూ గీత లోపల. పుస్తకంలో రాసుకొని వెళ్ళాడు.

12వ రోజు

నూకరాజు పోయాడు.

ఉదయం పదిన్నర. మంగాయమ్మ పిల్లలను తీసుకొని గేటు దగ్గర మందు చీటీ కోసం వరుసలో ఉంది. ముందే వంతు లేనివాళ్ళు జ్వరానికి మాత్ర అడిగితే పూర్తి అద్దె రసీదు తెమ్మని అప్పటికి రెండుసార్లు తిప్పి పంపారు. నూకరాజు పడవ లోపల పంపు బాగుచేస్తున్నాడు. లోపలి రేవు నుంచి విహార నౌక ఒకటి వేగం తగ్గించకుండా బయటికి పోయింది. దాని అల వచ్చింది. పెద్దదేమీ కాదు. మా పడవ ఊగి నిలబడింది. నూకరాజు పడవ ఒక పక్కకు వాలింది, లేవలేదు.

డ్రమ్ములు సగం నిండి ఉన్నాయి. నిండు డ్రమ్ము కన్నా సగం డ్రమ్ము ప్రమాదం. పడవ ఎటు వాలితే నీరంతా అటే పరిగెడుతుంది, ఇంకా వాలుస్తుంది. అడుగున లాగి నిలబెట్టే రాయి ఒక్కటీ లేదు. ఇదంతా నేను ఒడ్డున నిలబడి, కళ్ళతో చూస్తూనే మనసులో లెక్క కట్టాను. అలాంటి బుద్ధి ఇచ్చినందుకు ఎవరిని తిట్టాలో తెలియలేదు.

తలుపు నీటి అడుగు వైపుకు పోయింది. మనుషులు పడవను తిప్పేసరికి ముప్పావుగంట పట్టింది. రేవు వారి క్రేను ఉంది. అతిథి పడవలకు వాడాలంటే ముందుగా దరఖాస్తు చెయ్యాలి.

సాయంత్రం మంగాయమ్మ నా దగ్గరకొచ్చింది. ఏడవలేదు. ప్లాస్టిక్కు కాగితంలో చుట్టిన నా పట్టిక నా చేతిలో పెట్టింది. గోడకు అంటించుకున్నారట.

"మీరు సగవన్నారు. గీత మార్చేరు కదండీ, మిగతా సగవూ తీసేడు. డ్రమ్ముల గురించి ఇందులో రాయలేదండి. రాసుంటే దించుదుడు. మీరు రాసింది ఆయన దాటేవోడు కాదు."

డ్రమ్ముల గురించి నేను రాయలేదు. రెండేళ్ళ క్రితం కుళాయి నీరు తాగే విధంగా ఉండేది, కప్పు మీద డ్రమ్ములు ఎవరూ పెట్టేవారు కాదు. ఈ మాట ఆమెకు చెప్పలేదు. చెప్పి ఏం చేస్తాను?

15వ రోజు

గేటు అవతల రేకుల షెడ్డులో మంగాయమ్మనూ పిల్లలనూ ఉంచారు. కంచె ఇవతల నుంచి మాట్లాడాను. మెడలో తాడుకు నీలం చీటీ వేలాడుతోంది, పిల్లలకూ ఉన్నాయి. రేవు నియమాల్లో పాతది ఒకటుందట. రేవు హద్దు లోపల, తన తప్పు లేకుండా పడవ పోగొట్టుకున్నవాళ్ళకు తొంభై రోజులు నీడ, తిండి, వైద్యం ఇవ్వాలి. వైద్యం అంటే ఏదైనా, ఆస్పత్రిలో ఏ యంత్రమైనా. నిన్న పిల్ల జ్వరానికి డాక్టరే షెడ్డుకు వచ్చి చూశాడు.

"పడవుండగా ఒక్క మాత్రియ్యలేదండి," అంది మంగాయమ్మ. "పడవా మనిషీ పోయేకా డాక్టరు నడిచొచ్చేడు. పంచదార నీళ్ళు కూడా ఇచ్చేడు."

షెడ్డులో కుళాయి ఉంది. తాగి చూశానంది. మంచినీరట.

18వ రోజు

మబ్బు వీడలేదు. బ్యాటరీలో సగం అద్దె చొప్పున ఆరు రోజులకు ఉంది.

హైమ పొద్దున లేచి కూర్చుని, కాళ్ళ వాపు వేలితో నొక్కి చూసుకుంది. గుంట పడింది. రేపు వంతు ఉంది, ఫరవాలేదంది. తర్వాత, మామూలు మాటలా, మనం వెళ్ళిపోదామంది. యంత్రం లేకుండా ఎన్ని రోజులుంటే అన్ని రోజులు, మన నీళ్ళలో ఉందామంది. ఈ పంజరానికి అద్దె కట్టి కట్టి నువ్వు ముందు పోతావంది.

నేను పోయే తేదీ నా దగ్గర ఉందని, దాని సంగతి దాన్ని చూసుకోమని అన్నాను.

"నీతో మాట్లాడటం కన్నా గోడతో మాట్లాడితే నయం" అని అటు తిరిగి పడుకుంది. దాని వీపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఎముకలు లెక్కపెట్టవచ్చు. నేను లెక్కపెట్టలేదు.

20వ రోజు

వాయుగుండం. ఎల్లుండి మధ్యాహ్నానికి తాకుతుందని రేవు మైకులో చెప్పారు. అతిథి పడవలు వెళ్ళిపోవచ్చు, లేదా లోపలి రేవులోకి రావచ్చు. లోపలి రేవు అద్దె పది రెట్లు, మూడు రోజులది ముందే కట్టాలి. బయట ఉండదలచుకున్నవాళ్ళు తమ పూచీ మీద ఉండాలి, సగం అద్దె సదుపాయం యథావిధిగా కొనసాగుతుంది. యథావిధిగా అన్న మాట మైకులో రెండుసార్లు చదివారు.

అందరి తరఫునా నేను రేవు మేనేజరు కుసుమకుమారిని కలిశాను. చల్లని గది. నిమ్మకాయ నీళ్ళు ఇప్పించింది, తియ్యగా ఉన్నాయి. రెండే రోజులు గీత పట్టించుకోవద్దని, అడుగురాళ్ళు తిరిగి వేసుకుంటామని, లేకపోతే అన్ని పడవలూ నూకరాజు పడవలాగే అవుతాయని చెప్పాను. బొమ్మ గీసి చూపించాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. గీత తన చేతిలో లేదంది. దరఖాస్తు పెడితే ఏడు పనిదినాల్లో జవాబు వస్తుందంది. తుఫాను రెండు రోజుల్లో వస్తోందన్నాను. అందుకే త్వరగా పెట్టమంది.

గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాను. కోపం వల్లనే అని రాసుకుంటున్నాను.

21వ రోజు

ఏడు పడవలం... కాదు, నూకరాజుది పోగా మేం మిగిలింది ఆరు పడవలం. అందులో అయిదు ఇవాళ వెళ్ళిపోయాయి. వెళ్ళమని చెప్పింది నేనే. మొండితిప్ప దగ్గర రాళ్ళన్నీ ఎక్కించుకొని, ఆ వెనక మడ అడవి పాయలోకి దూరిపోతే గాలి తగలదు. ఆ అయిదింటికీ పెద్ద కోటిలింగం, వాళ్ళమ్మను కూడా పడవలో తీసుకొచ్చాడు. నన్నూ రమ్మని అరగంట బతిమాలాడు. రేపు హైమ వంతు. ఇవాళ వెళ్తే తిరిగి వచ్చేసరికి చీటీ పోతుంది, వంతు పోతుంది. అది అతనికీ తెలుసు. "మరి మీ పడవ నిలబడదు కదండీ" అన్నాడు. నిలబడదన్నాను.

అలా అన్నాక ఆ మాట నాలోనే తిరిగింది. నిలబడదు. రేవు హద్దు లోపల, తుఫానులో, నా తప్పు లేకుండా. తొంభై రోజులు. మూడు రోజులకు ఒకటి చొప్పున ముప్ఫై వంతులు. ఇప్పుడు బ్యాటరీలో ఉన్నది ఒక్క వంతుకు.

ఇది ఒక్కసారిగా తట్టిన ఆలోచన కాదు, నిజం రాయాలంటే పదిహేనో రోజున కంచె దగ్గరే తట్టింది. అప్పుడు దాన్ని చూడనట్టు పక్కన పెట్టాను.

నూకరాజు డ్రమ్ములు గట్టు మీద పడి ఉన్నాయి. కంచె దగ్గర మంగాయమ్మను అడిగి, నాలుగూ ఒక్కొక్కటే దొర్లించుకొచ్చి మా కప్పు మీద కట్టాను. బకెట్టుతో నీళ్ళు ఎక్కించడానికి గంటన్నర పట్టింది. హైమ లోపల నిద్రపోతోంది. నాలుగింటికి శేషుబాబు కర్రతో వచ్చి, కింద నుంచి చూస్తూ నిలబడ్డాడు.

"డ్రమ్ములేంటండి?"

కుళాయి ఉప్పన్నాను.

"సగమే నింపేరేంటండి?"

నేను తాడు ముడి ఇంకోసారి బిగించాను. అతను నూకరాజును నీళ్ళలోంచి తీసినవాళ్ళలో ఒకడు. డ్రమ్ముల్లో నీరెలా పరిగెత్తిందో ఆ రోజు అతనికి చెప్పింది నేనే.

అతను అటూ ఇటూ చూసి దగ్గరకొచ్చాడు. గొంతు తగ్గించాడు. "టీచరమ్మగారూ, మీ ఎనిమిది రాళ్ళూ ఇక్కడే ఈ గోడ కిందే ఉన్నాయండి. మా తమ్ముడు మునిగి తీస్తాడు. అరగంట పని. లోపలేసేసుకోండి. రేపూ ఎల్లుండీ నేను కొలవనండి. కొలిచినట్టు రాసేసుకుంటాను."

ఎనిమిది రాళ్ళు వేసి, డ్రమ్ములు దించితే పడవ నిలబడే అవకాశముంది. సగానికి సగం. ఆ లెక్క నాకు వెంటనే వచ్చింది. నిలబడితే నాలుగో రోజుకు బ్యాటరీ అయిపోతుంది, చీటీ పోతుంది, పడవ మాత్రం ఉంటుంది.

"ఈ మాట పన్నెండు రోజుల క్రితం అని ఉంటే ఇంకొకరు బతికుండేవారు, నాయనా" అన్నాను.

అనకూడని మాట. అతని ముఖం చూశాక తెలిసింది. అతను కర్ర నీటిలో దించి, కొలిచి, పుస్తకంలో రాసుకున్నాడు. ఈసారి ఏమనుకోకండి అనలేదు.

"మనవరాలికి రేపే కదండీ వంతు," అన్నాడు కాసేపటికి. "ఏడింటికే తీసుకొచ్చెయ్యండి. పదింటికి గేటు మూసేస్తారు. తుఫాను తగ్గేదాకా లోపలివాళ్ళని బయటికి పంపరు."

వెళ్ళిపోయాడు.

22వ రోజు

ఇది రెండు రోజుల తర్వాత రాస్తున్నాను.

కప్పు కనపడని చీకట్లోనే హైమను పడవ దించి, ఏడింటికి గేటు దాటించాను. నీళ్ళలోంచి రాళ్ళు తీయించి పడవలో వేయించావా అని అడిగింది. వేయించానన్నాను. డెబ్బై మూడేళ్ళలో చాలా అబద్ధాలు ఆడాను గానీ, అవన్నీ మర్యాద కోసం ఆడినవి. మళ్ళీ వెనక్కి తిరిగి, నువ్వెక్కడుంటావంది. స్నానాల గదుల గోడ వెనక, అన్నాను. అది మాత్రం నిజం. ఆ గదులు నాకు ఉపయోగపడింది అదొక్క రోజే.

ఒంటిగంటకు వాన, రెండింటికి గాలి. నేను గోడకు ఆనుకొని కూర్చున్నాను. ఒళ్ళో రెండు చీరలు, హైమ మందులు, ఈ పుస్తకం, సంచిలో. మా పడవ పేరు గున్నలంక. మునిగిన ఊరి పేరు పడవకు పెట్టుకోవడం మా వాళ్ళ పద్ధతి. నేను పెళ్ళై వెళ్ళిన ఊరు. ఆ ఊరు నీళ్ళలోకి పోయినప్పుడు మేము మేడ మీద నుంచి చూశాం, రెండు రోజులు పట్టింది.

ఈసారి నాలుగు నిమిషాలు. గాలి పక్క నుంచి కొట్టింది. పడవ వాలింది. డ్రమ్ముల్లో నీరు కదిలిన చప్పుడు నాకు వినపడే అవకాశం లేదు, అయినా విన్నాను. ఒకసారి లేవడానికి చూసింది. నేను నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు, చెయ్యి కూడా చాచాను. అప్పుడు కట్టు తాడు తెగింది, పడవ బోర్లా పడింది. అడుగు భాగం పైకి వచ్చింది. దానికి మా ఆయన వేసిన తారు ఇంకా నల్లగా ఉంది.

టైము మూడు పది.

24వ రోజు

విచారణకు ఒక అధికారి వచ్చాడు. బూట్లు తడవకుండా గట్టు మీద మెత్తటి పట్టా పరిపించుకున్నాడు. కప్పు మీద డ్రమ్ములెందుకని అడిగాడు. కుళాయిలో ఉప్పునీరు వస్తోందని చెప్పాను. కుళాయి బాగానే పనిచేస్తోందని ఆయన కాగితంలో ఉందట. తాగి చూడమన్నాను. తాగలేదు. డ్రమ్ముల ప్రశ్న కూడా అక్కడితో వదిలేశాడు.

పడవ బరువు సరిగ్గా ఉందా అని శేషుబాబును అడిగాడు. అతను చేతులు కట్టుకొని నా వైపు చూడకుండా చెప్పాడు. "ముందురోజు సాయంత్రం నేనే కొలిచానండి. గీత లోపలే ఉన్నాదండి. మన రూలు ప్రకారం సరిగ్గా ఉన్నట్టేనండి."

అధికారి తల ఊపాడు. వాళ్ళ రూలును తప్పంటే తప్ప నన్ను తప్పనడానికి దారి లేదు. రెండు నీలం చీటీలు ఇచ్చారు. నా మెడలో ఒకటి, హైమకు ఒకటి. మునిగిన పడవను తీసేదాకా పదకొండో చోటు అద్దె నడుస్తుందని ఒక కాగితం కూడా ఇచ్చారు. బోర్లా ఉన్న పడవను పూర్తి మునక కింద లెక్కిస్తారట.

సాయంత్రం మూడు పడవలు తిరిగొచ్చాయి. వెళ్ళింది అయిదు. మొండితిప్ప దగ్గర అందరి రాళ్ళూ ఎక్కించేవరకు కోటిలింగం ఆగాడట, చివర బయల్దేరిన రెండు పడవలు పాయ చేరకముందే గాలికి దొరికాయి. మనుషులు మిగతా పడవల్లోకి ఎక్కారు. కోటిలింగం తల్లి దొరకలేదు.

ఆ రెండు కుటుంబాలు నీలం చీటీ అడిగితే, ప్రమాదం రేవు హద్దు బయట జరిగిందని వెనక్కి పంపారు.

కోటిలింగం కంచె అవతలికి వచ్చాడు. నేను ఇవతల, మెడలో చీటీతో. అతను నన్ను తిడతాడని నిలబడ్డాను. తిట్టలేదు.

"ఇక్కడే ఉండిపోయుంటే సరిపోయేదండి, టీచరమ్మగారూ," అన్నాడు. "మీకు తెలిసింది, మాకు తెలీలేదు."

మెచ్చుకున్నట్టే అన్నాడు. వాళ్ళను పంపిన ఉదయం నాకు పాయ సంగతి తెలుసు, గాలి వేగం తెలుసు, దూరం తెలుసు. రాళ్ళు ఎక్కించడానికి ఎంతసేపు పడుతుందో అడగలేదు. నా తల నిండా నా ముప్ఫై వంతులే ఉన్నాయి.

25వ రోజు

ఇవాళ హైమ వంతు. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. నీలం చీటీ చూసి కుర్చీ కూడా వేశారు.

పడవ పోయిందని హైమకు తుఫాను రోజునే ఆస్పత్రిలో చెప్పారు. ఎలా పోయిందో చెప్పింది మంగాయమ్మ. తనకు తెలిసినంత చెప్పింది: గట్టు మీదున్న మా డ్రమ్ములు మీ అమ్మమ్మ అడిగి తీసుకుందని. మిగతాది హైమ తనే కట్టుకుంది. లెక్కలు నేర్పింది నేనే కదా.

యంత్రం మొదలయ్యాక అడిగింది. "సగం నింపావా, పూర్తిగానా?"

సగం, అన్నాను.

గొట్టాల వైపు చూసింది. రక్తం ఒక దాంట్లో బయటికి పోతుంది, ఇంకోదాంట్లో లోపలికి వస్తుంది.

"నన్నడగలేదు" అంది.

"అడిగితే ఒప్పుకునేదానివి కాదు."

"కాదు. అందుకే అడగాలి. ముప్ఫైలో ఇది ఒకటి. తొంభై ఒకటో రోజున గేటు బయటికి తోస్తారు. పడవ లేదు, చీటీ లేదు. అప్పుడేం ముంచుతావు, అమ్మమ్మా?"

తెలియదన్నాను. దానితో నేను ఆ మాట అనడం అదే మొదటిసారి అనుకుంటా. అది వినగానే ఇంకా కోపం వచ్చింది దానికి. ముఖం గోడ వైపు తిప్పుకుంది. నాలుగు గంటలూ అలాగే ఉంది. నర్సు వచ్చి నీళ్ళు కావాలా అంటే తల మాత్రం ఊపింది. నేను కుర్చీలో కూర్చున్నాను. కిటికీలోంచి రేవు కనపడుతుంది. అటు చూడలేదు.

యంత్రం ఆపి, నర్సు సూదులు తీసింది. తీసిన చోట దూది పెట్టి పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి, లేకపోతే రక్తం ఆగదు. పడకలు ఎక్కువ, నర్సులు తక్కువ. ఎవరి చెయ్యి వాళ్ళ మనుషులే నొక్కి పట్టాలి.

హైమ గోడ వైపే చూస్తూ, చెయ్యి మాత్రం వెనక్కి నా వైపు చాచింది.

పట్టుకున్నాను.